మా ఇంట్లో కంప్యూటర్ ఉంది

సూర్యాపేటలో గోడ మీద అక్షరం పడాలంటే కృపాకర్ చేత్తోనే పడాలని పేరున్న రోజులవి. ఎరువుల కంపెనీ కానీ, సిమెంటు కానీ, బట్టల సబ్బు కానీ, ఎన్నికలొస్తే ఏ పార్టీ గుర్తు కానీ, గోడకు నిచ్చెన వేసుకుని, చెవి మీద కుంచె పెట్టుకుని ఎర్రటి ఎండలో అతనే కనిపించేవాడు. పుట్టింది కోదాడ పక్కన చిలుకూరు. తండ్రి పిచ్చయ్య చర్చి గోడల మీద వాక్యాలు రాసేవాడు. ఆ వంపు, ఆ నిదానం కొడుకు చేతికీ వచ్చాయి. భార్య శాంతకుమారి ఒక ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు చెప్పే టీచరు. వాళ్ళకు ఒక్కతే కూతురు, ప్రవళిక.

కొత్త శతాబ్దం వస్తుందని టీవీలో ఒకటే ఊదరగొడుతున్న ఆ ఏడాది వేసవిలో విష్ణువర్ధన్ సూర్యాపేటలో కంప్యూటర్ల దుకాణం తెరిచాడు. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే నాగేశ్వర్ రావు కొడుకతను. హైదరాబాదులో చదువుకుని వచ్చి, మిల్లులో కూర్చోనని మొండికేసి, అద్దాల తలుపు పెట్టించి, ఏసీ బిగించి, నాలుగు కంప్యూటర్లు వరసగా పేర్చుకున్నాడు. గోడల మీద రాయమని కృపాకర్‌కు ఇచ్చిన కాగితం నిండా అంకెలే. అన్ని ఎం.బీ.లు, ఇన్ని జీ.బీ.లు, పద్నాలుగు అంగుళాలు. కృపాకర్ ఒక్క అంకె తప్పు పోకుండా రాశాడు. అది చదివి జనం వచ్చారు, చెప్పులు బయట విడిచి లోపల చల్లగా కాసేపు నిలబడి, "పద్నాలుగు అంగుళాలంటే టీవీనే గదా, సీరియళ్ళు వస్తయా?" అని అడిగి వెళ్ళిపోయారు. నెల తిరిగినా ఒక్కటీ కదల్లేదు.

ఒకరోజు నాగేశ్వర్ రావు వచ్చి కొడుకు దుకాణమంతా కలియజూశాడు. "బియ్యం బస్తా అమ్మితే తింటరు. నువ్వు అమ్మేదాన్ని ఏం జేస్కుంటర్రా, కడిగి తాగుతరా?" అన్నాడు. విష్ణువర్ధన్ తల వంచుకున్నాడు. అక్కడే బోర్డు సరిచేస్తున్న కృపాకర్‌కు ఆ కుర్రాడి మొహం చూస్తే జాలేసింది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, బాకీ ఉన్న పని చూద్దామని కృపాకర్ కూతుర్ని మోపెడ్ మీద ఎక్కించుకుని దుకాణానికి వచ్చాడు. ప్రవళికకు అప్పుడు ఏడేళ్ళు. చర్చికి వేసుకున్న తెల్ల గౌను, పైవరసలో ఊడిన పన్ను. ఖాళీగా కూర్చున్న విష్ణువర్ధన్ ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి మౌసును చేతిలో పెట్టాడు. ఇట్లా అంటే గీత వస్తుంది, ఇక్కడ నొక్కితే రంగు నిండుతుంది అని చూపించాడు. పిల్ల నాలుక పళ్ళ సందున పెట్టుకుని ఒక ఇల్లు గీసింది. ఇంటికి ఎరుపు నింపింది. పైన సూర్యుణ్ణి పెట్టి పసుపు పోసింది. పోసి, తన వేళ్ళు చూసుకుంది. ఇంట్లో తండ్రి చేతులు ఎప్పుడు చూసినా రంగులే, కిరోసిన్ పెట్టి రుద్దినా పోవు. గిరుక్కున వెనక్కి తిరిగి, "డాడీ, సూడు! చేతికి రంగే అంటలే!" అని పడీపడీ నవ్వింది.

కృపాకర్ ఆ తిరగడం చూశాడు, ఆ నవ్వు చూశాడు. చూసి విష్ణువర్ధన్ వైపు తిరిగాడు.

"సేటూ, గోడల మీద అంకెలు తీసేద్దాం."

"తీసి ఏం పెడ్తవన్నా?"

"పిల్లను పెడ్త."

వారం తిరక్కుండా బస్టాండు దారిలోని గోడ మీద ప్రవళిక వెలిసింది. కంప్యూటర్ ముందు కూర్చుని, అప్పుడే ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి, దారినపోయేవాళ్ళను చూసి నవ్వుతోంది. ఊడిన పన్ను సందు కూడా వదల్లేదు. పక్కన పెద్ద అక్షరాలతో, ఆ పిల్లే అంటున్నట్టు: 'మా ఇంట్లో కంప్యూటర్ ఉంది. మరి మీ ఇంట్లో?' మాటలు విష్ణువర్ధన్‌వి. అవి రాసేటప్పుడు కృపాకర్‌కు ఏమీ అనిపించలేదు. ఏ సబ్బుతో బట్టలుతికాడని దాన్ని గోడ మీద పొగిడాడు గనక? ప్రకటన అంటే అంతే.

తర్వాత కోదాడలో హైవే పక్కన సినిమా హాలు గోడ మీద, మిర్యాలగూడలో నాగేశ్వర్ రావు మిల్లు ప్రహరీ మీద అదే బొమ్మ. మాట్లాడింది బొమ్మే, అమ్మింది బొమ్మే. పత్తి విత్తనాల వ్యాపారి మనవడు ఆ గోడ ముందు నేల మీద పడి దొర్లి ఏడ్చాడు. మర్నాడు వ్యాపారి దుకాణంలో ఉన్నాడు. డాక్టర్లు వచ్చారు, ఉద్యోగస్తులు వాయిదాల మీద పట్టుకెళ్ళారు. కోదాడలో కొత్తగా పెట్టిన శాఖకు ఒకావిడ వచ్చి, "గోడ మీద పాప దగ్గరుందే, ఆ కంప్యూటరే కావాలండి, వేరేదొద్దు" అని పట్టుబట్టింది. కొన్నాక దాంతో ఏం చెయ్యాలో చాలామందికి తెలియదు. ముందుగదిలో బల్ల మీద పెట్టి, కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, చుట్టాలొచ్చినప్పుడు తీసి చూపించేవాళ్ళు. పిల్లలు ఆదివారం పేకముక్కల ఆట ఆడుకునేవాళ్ళు. అయినా కొన్నారు. మన పిల్లలు వెనకబడిపోతారేమో అనే భయం ఆ గోడ దగ్గరే పుట్టేది. ఆ పిల్ల ఎవరో ఏమో గానీ ఆమెకు ఉంది, మనకు లేదు.

ఆమెకూ లేదని తెలిసినవాళ్ళు ముగ్గురే, ఆ ఇంట్లోవాళ్ళు.

మొదట్లో ప్రవళికకు బడిలో రాణీలాగా జరిగింది. పక్కన కూర్చోవడానికి పిల్లలు పోటీ పడేవారు. కొన్నాళ్ళకు ఒక్కొక్కరే అడగడం మొదలుపెట్టారు. మీ ఇంటికి వస్తం, చూపిస్తవా? ప్రవళిక సాయంత్రం తండ్రి మెడకు చేతులు చుట్టి, "డాడీ, మన కంప్యూటర్ ఎప్పుడొస్తది?" అనేది. 'మన' అనేది, దుకాణంలో ఎక్కడో తన పేరు రాసి పక్కన పెట్టినట్టు. "వస్తది బిడ్డా" అనేవాడు కృపాకర్.

క్రిస్మస్ పోయి, కొత్త సంవత్సరం వచ్చాక ఒక శనివారం శాంతకుమారి వంటింట్లో ఉండగా ముందుగదిలో గుసగుసలు వినిపించాయి. ప్రవళిక ఇద్దరు స్నేహితురాళ్ళను, భావననూ దీపనూ, వెంటబెట్టుకుని వచ్చింది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. శాంతకుమారి ఉదయం కప్పినప్పుడు అట్లా లేదు. అంచులు నేలదాకా లాగి, పైన ఏదో ఎత్తుగా పెట్టి, జాగ్రత్తగా కప్పినట్టుంది.

"దుమ్ము పడొద్దని కప్పిన్రు," అంటోంది ప్రవళిక. "మా డాడీ వచ్చినంకనే తియ్యాలె. లేకపోతే ఖరాబైతది."

"జర కొస లేపి సూపియ్యవే," అంది దీప.

"ఒద్దు. ఒద్దన్న గదా!"

భావన వినకుండా దుప్పటి లాగేసింది. కుట్టుమిషను, దాని మీద బోర్లించిన అన్నం గిన్నె. ఆ ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పక్కున నవ్వారు. పసిపిల్లల నవ్వే, అందులో పగేమీ లేదు. కానీ వాళ్ళు పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయాక ప్రవళిక ఆ దుప్పటిని మళ్ళీ తీసి మిషను మీద కప్పుతూ, మూలలు సరిచేస్తూ నిలబడడం శాంతకుమారి తలుపు చాటు నుంచి చూసింది. దగ్గరికి పోబోయి, తను చూసిందని తెలిస్తే పిల్ల ఇంకా చితికిపోతుందని ఆగిపోయింది.

ఆ సాయంత్రం కృపాకర్ వచ్చీ రాగానే అంది. "గోడ మీద అబద్ధం రాసింది నువ్వు. దాన్ని నిజం జేస్తందుకు బిడ్డ అన్నం గిన్నెలు బోర్లిస్తున్నది."

కృపాకర్ తిన్నగా విష్ణువర్ధన్ దగ్గరికి పోయాడు. విషయమంతా చెప్పలేదు, ఒకటి కావాలన్నాడు. విష్ణువర్ధన్ నొచ్చుకున్నాడు. "ఆ పాప లేకుంటే ఈ దుకాణమే లేదన్నా. నేనే ఇయ్యాల్సింది. వచ్చే క్రిస్మస్‌కు మీ ఇంట్ల కొత్తది ఉంటది, నా మాట." కృపాకర్ ఆ మాట ఇంటికి తెచ్చాడు. ప్రవళిక తలూపింది. మళ్ళీ ఎన్నడూ కంప్యూటర్ ఊసెత్తలేదు. మోపెడ్ మీద బస్టాండు దారిన పోతున్నప్పుడు మాత్రం, గోడ దగ్గరికి రాగానే తండ్రి వీపులో మొహం దాచుకునేది. చొక్కా మీద ఆ నుదురు తగలడం కృపాకర్‌కు తెలిసేది. పట్టించుకోనట్టు బండి నడిపేవాడు.

ఆ ఏడు వానాకాలం ఊళ్ళో జ్వరాలు ముసురుకున్నాయి. ప్రవళికకు మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. కృపాకర్ మిర్యాలగూడలో నిచ్చెన మీద ఉండగా మిల్లుకు ఫోన్ వచ్చింది. అతను సూర్యాపేట చేరేసరికి పిల్ల దవాఖానలో కళ్ళు తెరవడం లేదు. మెదడువాపు, హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. విష్ణువర్ధన్ తన కారు తనే నడిపాడు. వెనక సీట్లో శాంతకుమారి ఒళ్ళో తల, కృపాకర్ ఒళ్ళో కాళ్ళు. నార్కట్‌పల్లి దాటాక ఒకచోట శాంతకుమారి "కారు ఆపండి" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ డిసెంబరులో, క్రిస్మస్ ముందు రోజు, ఇంటి ముందు ఆటో ఆగింది. విష్ణువర్ధన్ దిగాడు. ఆటోలోంచి అట్టపెట్టెలు దించి వరండాలో పెట్టించాడు. "మాటిచ్చిన, టీచరమ్మా," అన్నాడు. శాంతకుమారి గడపలోంచి కదల్లేదు. "ఈ ఇంట్ల ఎవరున్నరని తెచ్చినవు బాబూ?" అంది. పెట్టెలు రెండు రోజులు వరండాలోనే ఉన్నాయి. తర్వాత ఆమె వాటిని తన బడికి పంపించేసింది. బడిలో మూలగదిలో పెట్టి పిల్లలకు నేర్పించారు. భావన నేర్చుకుంది, దీప నేర్చుకుంది. ఆ గదిలోకి శాంతకుమారి ఒక్కసారీ అడుగు పెట్టలేదు.

బిడ్డ ఇంట్లో లేదు, కానీ ఊళ్ళ గోడల మీద ఉంది. కూరగాయలకు పోతే బస్టాండు దారిలో గోడ మీద నవ్వుతోంది. శాంతకుమారి బడికి వెనక సందుల గుండా తిరిగి పోయేది. ఒకరోజు కృపాకర్‌తో అంది. "అవి తుడిపియ్యి. సేటుకు జెప్పు. నేను సూడలేను."

కృపాకర్ పోయి చెప్పాడు. విష్ణువర్ధన్ కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు ఊ అను అన్నా. ఇయ్యాల్నే సున్నం కొట్టిస్త. నాకు యాపారం ముఖ్యం గాదు."

ఊ అనడానికి కృపాకర్ నోరు తెరిచాడు. ఎవడో సున్నపు కుంచె తీసుకుని గోడ ముందు నిలబడినట్టు కళ్ళకు కట్టింది. మొదట ఎక్కడ పెడతాడు కుంచె? కళ్ళ మీదా? ఆ పన్ను లేని నోటి మీదా? మట్టి పోసింది ఒకసారి సరిపోలేదా?

"ఒద్దు సేటూ," అన్నాడు. "ఉండనియ్యి."

ఇంటికొచ్చి భార్యతో, "ఒప్పుకుంటలేడు శాంతా. యాపారం ఆ బొమ్మ మీదనే నడుస్తున్నదట," అన్నాడు. ఆ తర్వాత విష్ణువర్ధన్ ఎప్పుడైనా ఎదురుపడి నమస్కారం పెడితే శాంతకుమారి మొహం తిప్పుకునేది. పాపం, దుఃఖం ఇంకా తీరలేదని అతననుకునేవాడు.

సూర్యాపేట గోడ ఆ మరుసటి వేసవిలో రోడ్డు వెడల్పులో పోయింది. శాంతకుమారి లోలోపల దేవునికి దండం పెట్టుకుంది. ఇక మిగిలినవి కోదాడ, మిర్యాలగూడ గోడలు. బళ్ళు తెరిచే ముందు రంగు కొత్తగా వెయ్యడం రివాజు. కృపాకర్ కోదాడ పోయి నిచ్చెన వేశాడు. ఎండకు బొమ్మ వెలిసిపోయింది. మొహం దిద్దుతూ దిద్దుతూ నోటి దగ్గరికి వచ్చాడు. పన్ను సందు దగ్గర కుంచె ఆగింది. ఈపాటికి తొమ్మిదో ఏడు వచ్చేది. పన్ను వచ్చి ఉండేది. ఇంత చిన్న తెల్ల చుక్క పెట్టాడు. సందు పూడింది. నిచ్చెన మీదే చాలాసేపు కూర్చుండిపోయాడు.

అట్లా మొదలైంది. మరుసటి ఏడు జుట్టు పెంచాడు. ఆ పైయేడు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టాడు, గౌను తీసి హైస్కూలు యూనిఫాం తొడిగాడు. బొమ్మలో కంప్యూటర్ కూడా ఏటికేడు కొత్తదయ్యేది. పని చేస్తూ, వినేవాళ్ళు లేనప్పుడు మెల్లగా మాట్లాడేవాడు. "ఇగ ఆరో తరగతి గద బిడ్డా, లెక్కలు జర కష్టముంటయి." గోడకు అవతల మిల్లు హోరులో ఆ మాటలు కలిసిపోయేవి. ఇంట్లో అతను దాదాపు మాట్లాడటం మానేశాడు. ఉన్న మాటలన్నీ గోడల దగ్గరే అయిపోయేవి. విష్ణువర్ధన్ ఒక్కసారి, "అన్నా, పాప జర పెద్దగైనట్టున్నది?" అన్నాడు. కృపాకర్ వంగి రంగు కలుపుతూ ఉండిపోయాడు. అతను మళ్ళీ అడగలేదు.

నాలుగేళ్ళు గడిచాక, శాంతకుమారి వాళ్ళ చెల్లెలింట్లో ప్రార్థన ఉంటే కోదాడ బయల్దేరింది. బిడ్డ పోయాక ఆ ఊరు పోవడం అదే మొదలు. సినిమా హాలు వస్తుందనగా బస్సులో కళ్ళు మూసుకుంది. బస్సు అక్కడే ఆగిపోయింది. ముందు లారీ అడ్డం. ఎంతసేపటికీ కదలదు. పల్లీలమ్మే సుక్కి అనే ముసలామె కిటికీ కింద నిలబడి, "అమ్మా, బుట్ట జర పట్టు తల్లీ" అనేసరికి తప్పక కళ్ళు తెరిచింది.

ఎదురుగా గోడ. గోడ మీద పన్నెండేళ్ళ ప్రవళిక.

రెండు జడలు మడిచి కట్టిన రిబ్బన్లు. నీలం స్కర్టు, తెల్ల చొక్కా. చెవులకు ఆ పిల్ల ఎన్నడూ పెట్టుకోని బుట్టకమ్మలు. ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి, ఇంత పెద్దదైపోయి, నవ్వుతోంది.

శాంతకుమారి సంచీ తీసుకుని బస్సు దిగింది. గోడ దాకా పోలేకపోయింది. రోడ్డుకు ఇవతల విష్ణువర్ధన్ దుకాణం కనబడితే అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోయింది. ఆ రోజు కోదాడ శాఖలోనే ఉన్న అతను లేచి నిలబడ్డాడు.

"నా బిడ్డను ఎందుకు పెంచుతున్నవు?" అంది. "తుడువుమంటే తుడువకపోతివి. పోనీ అట్లనే ఉండనియ్యరాదూ? ఎందుకు పెంచుతున్నవు?"

విష్ణువర్ధన్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టాడు. "నేను తుడుస్తానన్న టీచరమ్మా. ఆ రోజే అన్న. కృపాకరన్ననే ఒద్దన్నడు."

ఆమె చెల్లెలింటికి పోలేదు. తిరుగు బస్సెక్కింది.

కృపాకర్ వాకిట్లో రేకు మీద ఏదో దుకాణం పేరు రాస్తున్నాడు. భార్య అంత పొద్దుండగానే రావడం చూసి, ఆమె మొహం చూసి, కుంచె కింద పెట్టాడు.

"కోదాడల సూసిన," అంది శాంతకుమారి.

అతను రంగు డబ్బాకు మూత పెట్టాడు.

"సేటు ఒప్పుకోలేదంటివి."

"నాతోని కాలేదు శాంతా. తుడువుమని ఎట్ల జెప్పాలె?"

"తుడువకపోతివి, సరే. అబద్ధమాడితివి, అదీ సరే." ఆమె గడప మీద కూలబడింది. "ఎనిమిదేండ్ల బిడ్డను ఇద్దరం గలిసి మట్టిల పెట్టినం. నేను ఆడనే ఉన్న, ఇంకా ఆ మట్టి కాడనే ఉన్న. నువ్వేమో నాకు జెప్పకుండ బిడ్డను తీస్కపోయి, ఒక్కనివే పెంచుకున్నవు. జడలేసినవు. బడికి పంపినవు. కమ్మలు పెట్టినవు. ఒక్కనాడన్న, నువ్వు గూడ రావే అని నన్ను పిలువకపోతివి గద."

ఆమె ఏడుపు సద్దుమణిగేదాకా కృపాకర్ రంగు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"మిర్యాలగూడల గూడ ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నది."

"రేపు పోదాం పా."

పొద్దున్నే మోపెడ్ మీద బయల్దేరారు. వేములపల్లి దాటేసరికి రెండు వైపులా కాలువ నీళ్ళ కింద నాట్లు పచ్చగా ఊగుతున్నాయి. మిల్లు దగ్గర ఉడికిన వడ్ల వాసన, గాలిలో ఊక. కృపాకర్ బండి ఆపి పక్కకు నిలబడ్డాడు, అప్పుడే పుట్టిన బిడ్డను చూపించేవాడిలా, కొంచెం భయంగా, కొంచెం ఆశగా.

శాంతకుమారి గోడ దగ్గరికంటా పోయింది. నిన్న దూరం నుంచి చూసింది, ఇవాళ చెయ్యి పెడితే అందేంత దగ్గర. గడ్డం చూసింది, ముక్కు చూసింది. చాలాసేపు కళ్ళు చూసింది.

"ఇది మన బిడ్డ గాదు," అంది.

కృపాకర్ ఉలిక్కిపడ్డాడు. "ఏమంటున్నవు?"

"నవ్వితే మన బిడ్డకు ఎడమ కన్ను చిన్నగైతుండె. సగం మూసినట్టు. ఈ పిల్లకు రెండు కండ్లు ఒక్క తీరుగనే ఉన్నయి." ఆమె మాటల్లో కోపం లేదు. "మన బిడ్డ గడ్డం గిట్ల కోసగ లేకుండె. మా అమ్మ లెక్క గుండ్రంగుంటుండె. ఎవరి పిల్లనో ఏసినవు నువ్వు."

కాదనబోయాడు కృపాకర్. కళ్ళు మూసుకుని బిడ్డ మొహం తెచ్చుకున్నాడు. వచ్చింది. నవ్వుతూ, వెనక్కి తిరిగి. కానీ వచ్చింది గోడ మీది మొహం. ఇంకోసారి ప్రయత్నించాడు. చర్చిలో, మోపెడ్ మీద, దవాఖాన మంచం మీద. ఎక్కడ వెతికినా తను గీసిందే. బిడ్డది ఉన్న ఒక్క ఫోటో శాంతకుమారి పెట్టెలో పెట్టి తాళం వేసింది. అతను ఏటా పోయిన ఏటి బొమ్మను చూసి దిద్దాడు, దాన్ని చూసి మళ్ళీ దిద్దాడు. నాలుగేళ్ళు బతికించుకుంటున్నాననుకుంటూ, కొంచెం కొంచెంగా, తన చేత్తోనే ఆ మొహాన్ని చెరిపేసుకున్నాడు.

"నాకు యాదికొస్తలేదు శాంతా," అన్నాడు. "బిడ్డ మొఖం నాకు యాదికొస్తలేదు." గోడకు తల ఆనించి, మిల్లు కూలీలు చూస్తున్నారనే సోయి లేకుండా బావురుమన్నాడు.

అలికిడికి నాగేశ్వర్ రావు కర్ర పట్టుకుని గేటు బయటికి వచ్చాడు. ముసలితనంలో చూపు తగ్గింది గానీ మనుషులను గుర్తుపట్టాడు. సంగతి కూడా ఎవరూ చెప్పకుండానే అర్థమైనట్టుంది.

"తుడుస్తం సేటూ," అంది శాంతకుమారి.

ఆయన కాసేపు గోడ వైపు చూశాడు. "పొద్దుగాల గేటు తీసేటప్పుడు ఈ పిల్ల మొఖం సూసి తీస్తుంటి," అన్నాడు. తర్వాత లోపలికి కేకేసి చంద్రు అనే కూలీతో సున్నం, బకెట్, కుంచెలు తెప్పించి పెట్టి, అక్కడ నిలబడకుండా వెళ్ళిపోయాడు.

కుంచె ముంచి పట్టుకున్నాడే గానీ కృపాకర్ చెయ్యి లేవలేదు. శాంతకుమారి ఇంకో కుంచె తీసుకుని అక్షరాల దగ్గర మొదలుపెట్టింది. 'మా ఇంట్లో' పోయింది. 'కంప్యూటర్ ఉంది' పోయింది. 'మరి మీ ఇంట్లో?' అని అడగడం కూడా పోయింది. అప్పుడు అతనూ కదిలాడు. కంప్యూటర్ మీద, కుర్చీ మీద, యూనిఫాం మీద సున్నం వేసుకుంటూ వచ్చాడు. మొహం మిగిలింది. ఆమె పక్కన వచ్చి నిలబడింది. కళ్ళు మూసుకోకుండా, పైనుంచి కిందికి, నిదానంగా వేశాడు, గోడకు ఎప్పుడూ వేసినట్టే.

ఒక్క పూతతో పోలేదు. తడి సున్నం కింద నుంచి మొహం ఇంకా కనబడుతూనే ఉంది, మంచులో నిలబడిన మనిషిలా. ఆరేదాకా ఆగాలి. రోడ్డు పక్క మోరీ మీద కూర్చున్నారు.

"పండుకుంటే రెండు కాళ్ళు నా పొట్ట మీద ఏస్తుండె," అంది శాంతకుమారి ఉన్నట్టుండి. నాలుగేళ్ళలో ఆమె బిడ్డ ముచ్చట్లు తనంతట తాను ఎత్తడం అదే మొదటిసారి. "తీస్తే మళ్ళ ఏస్తుండె. కాకరకాయ కూర జేస్తే నీ పళ్ళెంల ఏసి, డాడీకి ఇష్టం అంటుండె."

"నాకు ఇష్టం లేదు," అన్నాడు కృపాకర్.

"ఎరుకే. నువ్వు తింటుంటివి."

ఆమె చెబుతూ పోయింది. అతను వింటూ కూర్చున్నాడు. వింటే మొహం తిరిగొస్తుందేమోనని చూశాడు. రాలేదు. పొట్ట మీద కాళ్ళు వచ్చాయి, కాకరకాయ ముక్క పట్టుకున్న వేళ్ళు వచ్చాయి, అంతే. గోడ ఆరాక లేచి రెండో పూత చిక్కగా కలిపాడు.

కోదాడ గోడకు ఆ వారంలోనే విష్ణువర్ధన్ సున్నం కొట్టించాడు. ఆ తర్వాత ఎంతో కాలం పట్టలేదు, ఊళ్ళల్లోకి ఫ్లెక్సీలు దిగాయి. ఎక్కడివో తెల్లతోలు పిల్లల ఫోటోలు, ఒక్క రోజులో తయారై, ఒక్క రోజులో గోడకెక్కేవి. ఆ మీదట కంప్యూటర్ల దుకాణం సెల్‌ఫోన్ల దుకాణమైంది. ఇప్పుడు పసిపిల్లల చేతుల్లోనూ అవే. కంప్యూటర్ కొనమని గోడ మీంచి ఎవరినీ అడగాల్సిన పని లేదు. శాంతకుమారి పెట్టె తాళం తీసి ఫోటో బయట పెట్టింది. కృపాకర్ రోజూ దాన్ని చూస్తాడు. ఎడమ కన్ను నిజంగానే చిన్నగా ఉంది. చూస్తున్నంతసేపు ఉంటుంది. కళ్ళు తిప్పితే మళ్ళీ గోడ మీది పిల్లే వస్తుంది.

అతనిప్పుడు బండ్లకు నంబరు పలకలు రాస్తాడు. అక్షరం ఇంకా అంతే ముచ్చటగా ఉంటుంది. మొన్న తులసీరాం అనే రైతు త్రిపురారం నుంచి వెతుక్కుంటూ వచ్చాడు. చనిపోయిన తల్లి ఫోటో చెరిగిపోయిందట, చెబుతుంటే పోలికలు పట్టి బొమ్మ వేసివ్వాలని, అంత బాగా వేసేవాడు ఈ చుట్టుపక్కల లేడని ఎవరో చెప్పారని బతిమాలాడు.

కృపాకర్ ఆ మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తల్లి గురించి అతను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"పేరు రాసిస్త బిడ్డా, మంచిగ రాసిస్త," అన్నాడు. "మొఖాలు నాకు రావు."